గుమ్మం బయట మూడో జత

హైదరాబాదు,
10 జూలై 2005, ఆదివారం

షైనీ,

అమ్మకీ నాన్నకీ నా వందనాలు. మొదటి పేజీ వాళ్ళకి చదివి వినిపించు. రెండో పేజీ నీది.

ఉద్యోగం బాగుంది. ఇన్సూరెన్సు క్లెయిముల కాగితాలు వస్తాయి, వాటిని చూసి కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఏసీ చలికి మొదటి రెండు రోజులు పళ్ళు టకటకలాడాయి గాని ఇప్పుడు అలవాటైంది. హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటుంది. డిసెంబరు దాకా ట్రైనింగే. తరవాత పర్మనెంటు చేస్తారు, లేదా ఇంటికి పంపేస్తారు. నేను రైలెక్కేటప్పుడు నాన్న, "ఆర్నెల్లు సూద్దాం. ఈలోగా నీ గురించి ఒక్క మాట నా సెవిన పడ్డా పెట్టి సర్దుకుని వచ్చెయ్యాల" అన్నాడు కదా. ఆ మాట మరిచిపోలేదని చెప్పు.

ఇక ఇది నీకు.

మొదటిరోజే అడ్మిన్ మేడమ్ ఒక కాగితం చేతిలో పెట్టింది. మా వేషం "బిజినెస్ క్యాజువల్"గా ఉండాలట. పంజాబీ డ్రెస్ ఫర్వాలేదు, ప్యాంటూ చొక్కా అయితే మరీ మంచిది. కాళ్ళకి మాత్రం మూసి ఉన్న బూట్లే. చెప్పులు కూడదు, శాండిల్స్ కూడదు, ఆటల బూట్లు కూడదు. వేళ్ళు కనబడకూడదు, మడమ కనబడకూడదు. చర్చికని దాచుకున్న నా తెల్ల పట్టీల చెప్పులు పెట్టెలోనే ఉండిపోయాయి.

నా పాదాలు నీకు తెలుసు. పొడుగు ఆరో నంబరు, వెడల్పు చాటంత. అమీర్‌పేటలో నాలుగు దుకాణాలు తిరిగాను. ఆడవాళ్ళ కట్ షూస్ అన్నీ ముందు కోసుగా ఉంటాయి, ఐదు వేళ్ళూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చోవలసిందే. దుకాణం అబ్బాయి, "రెండ్రోజులు తొడిగితే సాగుతాయి మేడమ్" అన్నాడు. పది రోజులైంది. సాగింది నా చర్మమే. రెండు మడమల్నీ కరిచేశాయి, చిటికెన వేళ్ళ మీద బొబ్బలు. బస్సు దిగి ఆఫీసుకి ఇరవై నిమిషాల నడక.

బొబ్బలకి ఏం చెయ్యాలో అమ్మని అడుగు. నాకని చెప్పకు. బెంగ పడుతుంది.

నీ అక్క,
సుజి

అనకాపల్లి,
17 జూలై 2005

అక్కా,

నీ ఉత్తరం ఈ ఇంట్లో బైబిలు తరవాత ఎక్కువసార్లు చదివిన కాగితం. నాన్న బెల్లం మార్కెట్ నుంచి రాగానే చేతులు కడుక్కోకుండా అడిగాడు, "పెద్దది ఏటి రాసింది?" అని. తూకం దగ్గర రోజంతా నిలబడి వచ్చినవాడు మంచం మీద కూర్చోలేదు, నిలబడే విన్నాడు.

అమ్మ మాత్రం, "ఒక్క కాయితమేనా? కవరు బరువుగా ఉందే" అంది. నేను రెండో పేజీని నా తెలుగు నోట్సులో దాచేశాను. ఆవిడ కళ్ళు నా నోట్సు మీదే ఉన్నాయి.

"బిజినెస్ క్యాజువల్" అంటే ఏమిటో మా ఇంగ్లీషు మాస్టారిని అడిగాను. "పనిలో ఉన్నా పనిలో లేనట్టు, లేకపోయినా ఉన్నట్టు కనిపించడం" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను రాసుకున్నాను. ఈమధ్య ఏ మాట విన్నా రాసుకుంటున్నాను అక్కా. మాట లోపల ఇంకో గది ఉంటుందని, తలుపు తోస్తే తెరుచుకుంటుందని అనిపిస్తోంది.

బొబ్బల సంగతి నీ పేరు చెప్పకుండానే అడిగాను గాని అమ్మ కనిపెట్టేసింది. బూటు మడమ దగ్గర లోపలివైపు ఆముదం రాసి, కొవ్వొత్తి రుద్దమంది. తడి కాగితం కుక్కి ఒక రాత్రి ఉంచితే సాగుతాయట. అప్పుడే రూఫస్ మావయ్య వచ్చాడు. అంతా విని అమ్మతో, "కూకుని సేసే ఉజ్జోగానికి కాళ్ళు పుళ్ళెందుకవుతాయే అక్కా? అది నిలబడి సేసే పనేదో సేత్తంది. బట్టలకొట్లో ఎట్టేరేమో సూసుకో" అన్నాడు. నువ్వు చేసేది ఆఫీసు పనేనని నేను వాదించాను. కాని ఒకటి అడుగుతాను, నిజంగా కూర్చునే పనే కదా?

ఉత్తరాలే రాయి. పక్కింటి ఫోనుకి చేస్తే మరిడమ్మగారు రిసీవరు ఇచ్చి పక్కనే నిలబడుతుంది.

షైనీ

హైదరాబాదు,
14 ఆగస్టు 2005

షైనీ,

కూర్చునే పనే. మావయ్యకి చెప్పు, కూర్చోవాలంటే ముందు అక్కడిదాకా నడిచి వెళ్ళాలని.

ఆముదం రాశాను. ఏసీ గదిలో నా చుట్టూ మూడు కుర్చీల మేర ఆముదం వాసన. పక్క అమ్మాయి ముక్కు మూసుకుంది. కొవ్వొత్తి కొంచెం నయం. తడి కాగితానికి బూటు అట్ట ఊడి వచ్చేసింది. రెండో జత కొన్నాను, ఒక నంబరు పెద్దది. ఇది వెడల్పు సరిపోదు సరికదా, వెనక జారిపోతోంది. దూది కుక్కుకుని నడుస్తున్నాను. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాను.

మొన్న మా టీమ్ లీడరు పిలిచి, "సుజీ, వచ్చే నెల క్లయింట్లు వస్తారు. మన ఫ్లోర్ మీద కుంటుతూ తిరిగితే బాగోదు" అంది. మందలించినట్టు అనలేదు, మామూలుగానే అంది. అందుకే భయం వేసింది. పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టేది ఆవిడే.

ఇంకో సంగతి. హాస్టల్ మానేశాను. గంగాభవాని అని రోలుగుంట అమ్మాయి, నా బ్యాచే. ఇద్దరం కలిసి బోరబండలో మేడ మీద ఒక గది తీసుకున్నాం. బస్సు మా వీధి చివరే ఎక్కి ఆఫీసు గేటు ముందే దిగుతాం. ఆ ఇరవై నిమిషాల నడక తప్పింది. కొత్త అడ్రసు కింద రాస్తున్నాను.

అమ్మకీ నాన్నకీ నెమ్మదిగా చెప్పు. ఈ గంగాభవాని పెద్ద దొంగ, నా వాటా కూర కూడా తినేస్తుంది.

సుజి

అనకాపల్లి,
21 ఆగస్టు 2005

అక్కా,

నెమ్మదిగానే చెప్పాను. అయినా ఇంట్లో రెండు రోజులు అదే గొడవ.

హాస్టలంటే గేటు ఉంటుంది, వార్డెన్ ఉంటుంది, రాకపోకలు రాసుకునే పుస్తకం ఉంటుంది. గదికి ఏముంటుంది అని అమ్మ. "బూట్లు కరుత్తన్నాయని ఇల్లు మారేవోళ్ళని ఎక్కడా సూళ్ళేదు" అని మావయ్య. నాన్న ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ గుబులుగా ఉంది.

నేను నీ తరఫునే. కాని నాకూ ప్రశ్నలున్నాయి, రాయకుండా ఉండలేను. ఆ ఇంటి ఓనరుకి కొడుకులున్నారా? మేడ మీదకి మెట్లు ఇంటి లోపలినుంచా, బయటినుంచా? గంగాభవానికి అన్నదమ్ములు ఎవరైనా వస్తూ పోతూ ఉంటారా?

మొన్న తెలుగు మాస్టారు సందేహానికీ అనుమానానికీ తేడా చెప్పారు. సందేహం అడిగితే తీరుతుందట. అనుమానం అడిగినకొద్దీ పెరుగుతుందట. నాది మొదటిదే.

షైనీ

హైదరాబాదు,
11 సెప్టెంబరు 2005

షైనీ,

ఓనరుగారికి ఇద్దరు కూతుళ్ళు. మెట్లు బయటినుంచి. గంగాభవాని అన్న రోలుగుంటలో చెరుకు తోట చూసుకుంటాడు, హైదరాబాదు మొహం ఎరగడు. సరిపోయిందా?

నేను చాలా బాగున్నాను. ఈ నెలలో మా టీములో తప్పులు తక్కువ చేసింది నేనేనట, బోర్డు మీద పేరు రాశారు. క్లయింట్లు వచ్చి వెళ్ళారు. వాళ్ళ వెనకే ఫ్లోరంతా తిరిగి చూపించింది నేనే.

ఇక్కడ పైడిరాజుగారని మన రాంబిల్లి ఆయన ఒకరున్నారు. చాలా మంచి మనిషి. ఆయన చేసిన మేలు ఈ జన్మకి మరిచిపోలేను.

ఈసారి ఇంతే. బట్టలు ఉతుక్కోవాలి.

సుజి

అనకాపల్లి,
18 సెప్టెంబరు 2005

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఐదోసారి, అందులో లేనివాటి కోసం చదివాను.

జూలైలో ఒక పేజీ నిండా బూట్లే. ఆగస్టులో సగం బూట్లే. సెప్టెంబరులో ఒక్క మాట లేదు. బొబ్బలు ఏమయ్యాయి? దూది ఏమయింది? గోడ పట్టుకుని మెట్లు దిగే మనిషి క్లయింట్ల వెనకాల ఫ్లోరంతా ఎలా తిరిగింది?

పైడిరాజుగారెవరు? వయసెంత? ఏం మేలు చేశాడు? "ఈ జన్మకి" అని రాశావు. నువ్వు ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైనప్పుడు కూడా ఇంత పెద్ద మాట వాడలేదు.

నీ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు ఆ నాలుగు లైన్లూ మింగేశాను. నాన్న "అయిపోయిందా?" అన్నాడు. అయిపోయిందన్నాను. నాన్నతో అబద్ధం చెప్పడం ఇదే మొదలు.

జవాబు వెంటనే రాయి.

షైనీ

హైదరాబాదు,
2 అక్టోబరు 2005

షైనీ,

నువ్వు చెల్లెలివా, పోలీసు స్టేషనువా?

బూట్ల గురించి ఇక అడగొద్దు. బాగున్నాయి, అంతే. ఒక సంగతి ఉంది. కాగితం మీద రాయడానికి సిగ్గుగా ఉంది. క్రిస్మసుకి వచ్చినప్పుడు నీ ఒక్కదానికే చెప్తాను. అమ్మకి మాత్రం చచ్చినా చెప్పకు. తెలిస్తే తల బాదుకుంటుంది.

పైడిరాజుగారికి కూతురుంది. అది చాలు నీకు.

సుజి

అనకాపల్లి,
26 అక్టోబరు 2005, బుధవారం

అక్కా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

పోయిన గురువారం రూఫస్ మావయ్య బెల్లం షావుకారు పని మీద గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్ళాడు. నీకు చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుద్దామని అమ్మ జంతికలు కట్టి ఇచ్చింది. శుక్రవారం పొద్దున్న ఏడు కాకముందే నీ గదికి వచ్చాడట. ఆ జంతికల డబ్బా అలాగే తిరిగి తెచ్చాడు.

సోమవారం సాయంత్రం మా అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. మాటకి మాట రాస్తున్నాను.

"మేడెక్కేను. తలుపేసుంది. గుమ్మం బయట మూడు జతలున్నాయి. రెండు ఆడోళ్ళ సెప్పులు. మూడోది మగోడి బూట్లు. నల్లవి, తాళ్ళవి, పాలీసు పెట్టి పక్కపక్కన సర్దున్నాయి. గదిలో ఉండేది ఇద్దరు. మూడో జతెవుడిది?"

"ఎవరో చుట్టాలొచ్చి ఉంటారు" అన్నాను నేను.

"తెల్లారకుండా వచ్చే సుట్టవేటే? అయి వచ్చిపోయేవోడి బూట్లు కావు. రోజూ అక్కడే ఇడిసే బూట్లు. కింద సిమెంటు మీద అచ్చు పడిపోయుంది."

"నువ్వు తలుపు కొట్టలేదా మావయ్యా?"

"కొడితే ఎవుడు తీత్తాడో అని బయపడ్డానే. మేనమావని, నా మొకం నేను ఎక్కడెట్టుకోను? దిగొచ్చేసేను."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న నా వైపు తిరిగి, "నీకేటైనా తెలుసా?" అన్నాడు.

అక్కా, నేను నీ రెండో తారీకు ఉత్తరం తీసి ఇచ్చేశాను. "సిగ్గుగా ఉంది" అన్నది, "అమ్మకి చెప్పకు" అన్నది, పైడిరాజుగారికి కూతురున్నది, అన్నీ. దాచితే నిన్ను కాపాడినట్టవుతుందా, ముంచినట్టవుతుందా అని నిమిషం ఆలోచించాను. ఒక్క నిమిషమే. పెళ్ళయి కూతురున్న మనిషి అని తెలిశాక దాచలేకపోయాను.

అమ్మ చదివించుకుని, "పెళ్ళయినోడా!" అని గోడకి చేరగిలబడిపోయింది.

నాన్న శనివారం గోదావరికి వస్తున్నాడు. తిరుగు ప్రయాణానికి రెండు టిక్కెట్లు తీశాడు. ఒకటి నీది. ఈ ఉత్తరం ఆయన కంటే ముందు అందితే ఆ బూట్లు అక్కడ లేకుండా చూసుకో. ఇలా రాస్తున్నందుకు నన్ను దేవుడు క్షమించాలి. ఇప్పుడు కూడా నేను నీ తరఫునే ఉండాలని చూస్తున్నాను.

షైనీ

హైదరాబాదు,
1 నవంబరు 2005, మంగళవారం

షైనీ,

నీ ఉత్తరం నాన్న వెళ్ళిన మర్నాడు అందింది. మంచిదే అయింది. ముందే అందితే ఆ బూట్లు లోపల పెట్టేదాన్నేమో. అప్పుడు నాన్న ఏమీ చూడకుండానే నన్ను తీసుకుపోయేవాడు.

ఆదివారం చర్చికి తయారవుతున్నాం. తలుపు చప్పుడైంది. రెండుసార్లు, గట్టిగా. గంగాభవాని తీసింది. నేను జడ వేసుకుంటున్నాను. గుమ్మంలో నాన్న. సంచి భుజానే ఉంది. లోపలికి రాలేదు. గదంతా ఒకసారి చూశాడు, మంచం కిందా చూశాడు. తరవాత కిందకి చూపించి అడిగాడు.

"ఈ బూట్లెవరియమ్మా?"

"నావి నాన్నా."

"ఇయి మగోళ్ళవి."

"అవును. నావే."

నాన్న మొహంలో నమ్మకం లేదు. గంగాభవాని ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

"తొడుగు" అన్నాడు.

జడ సగంలో వదిలేసి మేజోళ్ళు వేసుకుని తొడుక్కున్నాను. తాళ్ళు కట్టుకున్నాను. రోజూ కట్టేవే, వేళ్ళకి అలవాటైపోయాయి. నాన్న ఆ వేళ్ళనే చూస్తున్నాడు.

"నడు."

వరండా ఆ చివరికి నడిచాను, తిరిగి వచ్చాను. మెట్లు దిగమన్నాడు. దిగాను, ఎక్కాను. గోడ పట్టుకోలేదు. అప్పుడు నాన్న సంచి దించి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. మార్కెట్లో బెల్లం దిమ్మని నొక్కి చూస్తాడే, అలా బూటు ముందు భాగం మీద బొటనవేలితో నొక్కాడు. నా వేళ్ళు లోపల ఎక్కడున్నాయో వెతికాడు.

"ఒరుత్తన్నాయా?"

"లేదు నాన్నా."

"ఆడోళ్ళవి దొరకలేదా?"

మంచం కింద అట్టపెట్టెలో ఉన్న పాత రెండు జతలూ తీసి చూపించాను. మడమ దగ్గర లోపల నల్లగా గట్టిపడిపోయిన మరకలున్నాయి. అది పాలిష్ కాదని నాన్నకి చెప్పనక్కర్లేకపోయింది. వేలితో గీరి చూశాడు.

అప్పుడు మొత్తం చెప్పాను. నీకు క్రిస్మసుకి చెప్దామనుకున్నది కూడా ఇదే.

పైడిరాజుగారు మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. యాభై ఐదేళ్ళుంటాయి. రోజూ నేను కుంటుతూ రావడం చూసేవాడు. ఒకరోజు పిలిచి, "అమ్మా, నీ పాదం పరుపు పాదం, ముందు వెడల్పు. ఆడోళ్ళ బూటు నీకు ఈ జన్మలో పట్టదు. మగోళ్ళది ఆరో నంబరు తొడుగు. మా పాపకీ అదే కొన్నాను, పోలీసు సెలక్షన్లకి పరిగెట్టింది" అన్నాడు. చిన్న నంబర్లు దొరికే కొట్టు కూడా చెప్పాడు. ఆయన చేసిన మేలు అది. ఆయన కూతురు అది.

కొట్లో అబ్బాయి, "ఎవరికి మేడమ్, తమ్ముడికా?" అన్నాడు. అవునన్నాను. మనకి లేని తమ్ముడికి. "ఆయన కాలు కొలత?" అన్నాడు. "మా ఇద్దరి కాలూ ఒకటే" అని నేనే తొడుక్కుని చూశాను. వాడు నవ్వు ఆపుకోలేక పైఅరలో ఏదో సర్దుతున్నట్టు అటు తిరిగాడు. నాకు ఆ నవ్వు కూడా తెలియలేదు షైనీ. రెండు నెలల తరవాత మొదటిసారి ఐదు వేళ్ళూ నేలకి ఆనాయి. ప్యాంటు కింద ఏం బూటో ఆఫీసులో ఇవాల్టికీ ఎవరూ కనిపెట్టలేదు.

మరి ఎందుకు దాచానంటే, పోయినేడు నర్సీపట్నం సంబంధం వాళ్ళు వచ్చినప్పుడు అబ్బాయి తల్లి నా కాళ్ళు చూసి, "పిల్ల కళగానే ఉంది గాని పాదాలు మగోడి పాదాల్లా ఉన్నాయి" అంది. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. అప్పటినుంచి ఎవరొచ్చినా "కాళ్ళు సీరకిందికి లాక్కో" అంటుంది. మగవాళ్ళ బూటే నాకు సరిపోయిందని ఆవిడకి ఏ నోటితో చెప్పను?

ఇదంతా విని నాన్న లేచి సంచి లోపల పెట్టాడు. గంగాభవాని ఉప్మా పెడితే తిన్నాడు. మాతో చర్చికి వచ్చాడు. సాయంత్రం స్టేషనులో రెండో టిక్కెట్టు కౌంటర్లో తిరిగి ఇచ్చేశాడు. రైలు కదిలేముందు, "డిసెంబర్లో కాయితం ఇత్తారన్నావు కదా, జాగర్తగా పన్జేసుకో" అన్నాడు. పాత బూట్లు రెండు జతలూ తన సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. ఎందుకని అడగలేదు.

ఇప్పుడు నీ సంగతి.

మావయ్య తలుపు కొట్టలేదు. సరే, ఆయన అంతే. నాన్నకి నామీద ఎంత కోపమున్నా తలుపు కొట్టాడు, అడిగాడు. నువ్వు నాకు నాలుగు ఉత్తరాలు రాశావు. ఓనరు కొడుకుల్ని అడిగావు, మెట్లని అడిగావు, పైడిరాజుగారి వయసు అడిగావు. "అక్కా, నీకు ఎవరైనా ఉన్నారా?" అని ఒక్కసారి అడిగావా? లేరని చెప్పేదాన్ని. నీ ఒక్కదానికే అని రాసిన కాగితం తీసి అందరి మధ్యా పెట్టేశావు. నిమిషం ఆలోచించానని రాశావు. మిగతా మాటలన్నీ అంత కొలిచి రాసేదానివి, ఆ నిమిషాన్ని ఇంకొంచెం సాగదియ్యలేకపోయావా?

ఇకమీదట నాన్న పేరున రాస్తాను. నువ్వు చదివి వినిపించు. రెండో పేజీ ఉండదు.

సుజి

అనకాపల్లి,
6 నవంబరు 2005

అక్కా,

నాన్న సోమవారం పొద్దున్న దిగాడు. ఇంటికి రాకుండా ముందు మావయ్య ఇంటికి వెళ్ళి ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సంచిలోంచి నీ పాత బూట్లు తీసి మంచం మీద పెట్టాడు. చెప్పులు మంచం మీద పెడితే అమ్మ ఊరుకోదు కదా. ఆవేళ ఏమీ అనలేదు.

"ఇయి సూడు రూఫసూ. లోపల సెయ్యెట్టి సూడు" అన్నాడు.

మావయ్య చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నాకేటి తెలుసు బావా? గుమ్మం ముందు ఏటి కనబడితే అదే సెప్పేను."

"మూడు జతలు లెక్కెట్టేవు గదా. తలుపొకటుందని లెక్కెట్టలేదేటి?"

"తప్పయిపోయింది."

"నాకు సెప్పకు. దానికి సెప్పు."

మావయ్య నీకు ఉత్తరం రాయడానికి నా దగ్గర పెన్ను అడిగాడు. వారం కావస్తోంది, "సుజమ్మకి" దగ్గరే ఉన్నాడు.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. దాన్ని మొత్తం చదివి వినిపించాను. నన్ను తిట్టింది కూడా, ఒక్క లైను మింగకుండా. నర్సీపట్నం మాట దగ్గర అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. నేను వెళ్ళేసరికి పొయ్యి ముందు కూర్చుని తన కాళ్ళు చూసుకుంటోంది. "నా పాదాలే దానికొచ్చేయే. మా యమ్మవీ ఇయ్యే. నేను దాసుకున్నానని దాన్నీ దాసుకోమన్నాను" అంది. నీకు చెప్పమనలేదు. చెప్పొద్దనీ అనలేదు. అడిగే రాస్తున్నాను: ఇది రాయనా అమ్మా అంటే, "రాయి" అంది.

నా సంగతి. నువ్వు రాయని మాటల్లోంచి నేను ఒక మనిషిని తయారుచేశాను అక్కా. వాడికి వయసు పెట్టాను, పెళ్ళి చేశాను, కూతుర్నిచ్చాను. ఆ పని చేస్తున్నంతసేపూ నేను తెలివైనదాన్ననే అనుకున్నాను. మాట లోపల ఇంకో గది ఉంటుందని గొప్పగా రాశాను కదా. అక్కడ ఎవరూ లేకపోతే నేనే ఒకణ్ణి తీసుకెళ్ళి కూర్చోబెడతానని నాకు తెలియలేదు. నీ ఉత్తరం నాన్న చేతిలో పెట్టినప్పుడు భయంతోనే ఇచ్చాను, నిజం. కాని నేను కనిపెట్టింది సరైనదేనని ఎవరో ఒకరు అనాలని కూడా ఉండింది. అది ఇంకా సిగ్గుచేటు.

రెండో పేజీ వద్దన్నావు. సరే. ఇది ఒక్క పేజీలోనే ఇరికించి రాస్తున్నాను, అక్షరాలు అందుకే చిన్నవయ్యాయి.

ఒక్కటే అడుగుతాను, తిన్నగా. కోపం తగ్గిందా?

షైనీ

(పోస్టు కార్డు)

హైదరాబాదు,
13 నవంబరు 2005

షైనీ,

తగ్గలేదు. నువ్వు రాయడం మానకు.

సుజి